సంచిలో మిగిలిన గవ్వలు

తుఫానుకు మా దీవిలో బావులన్నీ ఉప్పుబారాయి. ఒక్కటే నీళ్ల ట్యాంకు వస్తుందనీ, ఎక్కువమంది ఉన్న ఊరికే ఇస్తామనీ పట్నం ఆఫీసువాళ్లు కబురు పంపారు.

మా ఆడపడుచు కూతురు లెయ్‌మాస్ ఆ ఆఫీసులో పటాలు గీస్తుంది. అంకెలు చదివితే పెద్దలకు తగవులే మిగులుతాయని, చావడి ముందు ఇసుకలో దీవిని గీసింది. ప్రతి ఊరి పెద్దా మనిషికొక గవ్వ చొప్పున తన ఊరున్న చోట గుండ్రంగా, సందు లేకుండా పరచాలి. ఏ గుండ్రం పెద్దదైతే ఆ ఊరికి ట్యాంకు.

"మా ఊళ్లో లావుపాటివాళ్లు ఎక్కువ. పెద్ద గవ్వలు తేవచ్చా అమ్మాయ్?" అన్నాడు మా మరిది.

"నీకోసం శంఖమే పెడదాంలే మామా."

మా ఊరివాడైన కల్‌సోంగ్ దీవికంతటికీ పెద్ద. ఆయన ముందు పరిచాడు. తరువాత అవతలి కొస ఊరి పెద్ద కల్‌వాత్ పరిచాడు. ఆయన గుండ్రం మాదానికన్నా కాస్త చిన్నదిగా తేలింది. లెయ్‌మాస్ ఫొటో తీసి పంపింది. ట్యాంకు మా ఊరికొచ్చి, సిమెంటు దిమ్మ మీద బిగిసిపోయింది. మాకు కొండ ఊట ఎలాగూ ఉంది.

ఎండలు ముదిరాక అవతలి కొస ఆడవాళ్లు పడవలేసుకుని నీళ్లకు మా ట్యాంకు దగ్గరికే రాసాగారు. ఒకనాడు కల్‌వాత్ భార్య లెయ్‌తావు బిందె నింపుకుంటూ, "మా ఇంట్లో ఇంకా సగం సంచి గవ్వలు పరచకుండానే ఉన్నాయి వదినా," అంది. "పెండలాల పండగలో పెద్దాయన కుప్పకన్నా ఎవరి కుప్పా ఎత్తుగా ఉండకూడదుగా. గవ్వలకీ అదే మర్యాద అనుకున్నాడు మా ముసలోడు."

పడవ దగ్గరున్న కల్‌వాత్ తల దించుకున్నాడు. ట్యాంకు నీడన కూర్చున్న కల్‌సోంగ్ లేచి పడవ దగ్గరికి నడిచాడు.

"పెండలాలంటే సరే. దాహానికి కూడా నేనే పెద్దనా తమ్ముడూ? నన్నొక్కమాట అడగాల్సింది."

"అడగడమూ అమర్యాదే కదా అన్నా."

మర్నాడు కల్‌సోంగ్ ఆ సంచి తెప్పించి, చావడి ముందు దీవిని మళ్లీ గీయించి, మా గవ్వలు తను పరిచి, కల్‌వాత్‌తో ఆ ఊరి గవ్వలన్నీ పరిపించాడు. గుండ్రం మాదానిని దాటి, ఇసుకలో గీసిన తీరం గీత మీదికి వచ్చింది. సెలవుకొచ్చిన లెయ్‌మాస్ ఫోను తీసి, మళ్లీ లోపల పెట్టేసుకుంది. ఈ ఏటికి ఇంకో ట్యాంకు లేదు.

"సముద్రం పోటెక్కేలా ఉంది," అంది లెయ్‌తావు, బిందె ఎత్తుకుంటూ. "లేవయ్యా, తెడ్డు పట్టు."