డొక్కలో పెట్టిన టార్చి

జాతరలో బండలాగుడు పందేనికి మా నాయన ఈరన్న వడ్డేపల్లి దగ్గరి చేనులో కోడెలను తయారుచేస్తున్నాడు. బండ కదలగానే ఎడమవైపు కోడె మొండికేసి నిలబడిపోతోంది. అది చూసి మా మేనమామ మల్లేశ్ హైదరాబాదు నుంచి ఒక టార్చి తెచ్చాడు. బటన్ నొక్కితే దాని మూతి దగ్గర నీలం మెరుపు చిటపటలాడుతుంది, తగిలితే షాక్ కొడుతుంది. దొంగలను బెదిరించడానికి అమ్ముతారట.

"జర గిట్ల తాకిస్తే సాలు బావా, ఉరుకుతది. నెత్తురు రాదు, వాత పడదు."

"నోరులేని దానికి పెట్టేముందు నాకు పెట్టు," అన్నాడు నాయన. కొత్త ముల్లుకర్ర చెక్కినా ముందు తన తొడ మీద పొడుచుకుని చూసుకునే మనిషి ఆయన.

మామ నవ్వాడు. "మా అక్క మెడల తాళి కట్టేటప్పుడు సుత గజగజ వణికినవ్, ఇయ్యాల గింత ధైర్యం యాడికెళ్లొచ్చింది?" అంటూ చెయ్యి పట్టుకోబోయాడు.

"సేతికి కాదురా. కోడెకు డొక్కల పెడ్తవు గద, నాకు గూడ గాడనే పెట్టు."

నాయన బనియను ఎడమవైపు పైకెత్తాడు. కోడె తప్పించుకోకుండా పగ్గం కుడిచేతికి రెండు చుట్లు తిప్పుకునే ఉన్నాడు.

చిటపట మొదలైంది. నాయన కట్టెలా బిగుసుకుని పడిపోయాడు. ఆ చప్పుడుకు బెదిరిన కోడెలు పగ్గంతో పాటు ఆయనను రాళ్ల గట్టు దాకా ఈడ్చుకుపోయాయి. మామ కోడెలను ఆపాడు. నేను ఆ చుట్లు విప్పాను.

గద్వాల దవాఖానకు పోయే జీపులో మామ నా చెవిలో అన్నాడు. "బిడ్డా, కోడెలు గుంజినయని చెప్పు. టార్చి ముచ్చట చెప్తే నన్ను జైల్ల ఏస్తరు."

దవాఖానలో డాక్టరమ్మ ఒరుసుకుపోయిన చెయ్యి చూసింది. "ఎద్దులు ఈడ్చినయా?"

"అవ్ మేడం," అన్నాడు మామ.

ఆ చేతికి ఎక్స్‌రే రాయబోయింది. నాయన మాత్రం రెండో చెయ్యి రొమ్ము మీద నుంచి తీయడం లేదు. పెదవులు నల్లబడుతున్నాయి. పదిమందిలో నాకు మాట రాదు. అయినా వచ్చింది.

"ముందుగాల కరెంటు టార్చి పెట్టిన్రు మేడం. గీడ." నా డొక్క మీద వేలు పెట్టి చూపించాను.

డాక్టరమ్మ చెయ్యి వదిలేసి నాయన రొమ్ముకు తీగలు పెట్టించింది. కాగితం మీద గీతలు ఒక వరసలో రావడం లేదు. "గుండె లయ తప్పింది. ఎంతసేపు నొక్కారు?"

నాకు తెలియదు. తలుపు దగ్గర నిలబడ్డ మామ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. నర్సు ఆక్సిజన్ పెడుతుంటే నాయన కాళ్లు ఒకసారి కొట్టుకున్నాయి.

మామ లోపలికి వచ్చాడు. "బావ ఆటలాడుతుండనుకున్న మేడం," అన్నాడు. "పడేదాంక నవ్వుకుంట నొక్కుతనే ఉన్న."

డాక్టరమ్మ సూది మందు ఇచ్చి, కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోవడానికి అంబులెన్సు తెప్పించింది. స్ట్రెచరు తలవైపు మామ పట్టుకున్నాడు.