ఎవరి మెదడు చిన్నది

ఉప్పు డబ్బా మూత ఎవరు తీసి వదిలేశారన్నది ఆ పొద్దుటి గొడవ.

"నేను ముట్టుకోనే లేదు," అన్నారు మామగారు.

"మరి మూత నడుచుకుంటూ వెళ్లి కిటికీలో కూర్చుందా?" అన్నారు అత్తయ్య.

"నేను పెడితే నాకు గుర్తుండదూ?"

"గుర్తుంటే ఇంకేం కావాలి."

మా ఆయన షూ లేసు కట్టుకుంటూ, తలెత్తకుండానే, "పోనీలే అమ్మా, నీ మెదడు చిన్నదని స్కాను ఫిల్ములోనే తేలిపోయిందిగా," అన్నారు. వేళాకోళానికే అన్నారు. అత్తయ్య నవ్వలేదు. మూత తెచ్చి పెట్టి, డబ్బా గోడవైపు జరిపి, చేతులు తుడుచుకున్నారు.

అత్తయ్య, మామగారు ఇద్దరూ ఫార్మసీ చదివినవాళ్లు. పెళ్లయినప్పటి నుంచీ కలిసి మందుల దుకాణం నడుపుతున్నారు. ఇద్దరికీ డెబ్బై దాటింది. ఈమధ్య అక్కడ ఒక పొరపాటు జరిగింది. ఎవరికో బీపీ మాత్రలు రెట్టింపు పవరువి వెళ్లిపోయాయి. వాళ్లు ఇంటికెళ్లాక చూసుకుని వెనక్కి తెచ్చారు కాబట్టి సరిపోయింది. ఎవరిచ్చారని అడిగితే మామగారు గుర్తులేదన్నారు, అత్తయ్య మాట్లాడలేదు. మాట్లాడలేదంటే ఒప్పుకున్నట్టేనని మా ఆయన అనుకున్నారు. పైగా అత్తయ్య బాగా నెమ్మదించారని, ఒక్కో చీటీకి యుగం పడుతోందని కొనేవాళ్లు విసుక్కుంటున్నారు.

దాంతో మా ఆయన ఇద్దరికీ తల స్కాను తీయించారు. ఫిల్ములు రాగానే కిటికీ అద్దానికి ఆనించి, పక్కపక్కన పెట్టి, స్కేలుతో కొలిచారు. అత్తయ్యది చిన్నది. ఇక వచ్చే వారం నుంచి ఆవిడ ఇంట్లో ఉండాలి, దుకాణంలో మామగారొక్కరే కూర్చోవాలి అని తేల్చేశారు. డాక్టరమ్మకి చూపించకుండా ఎలా అని నేనే పట్టుబట్టి, ఉప్పు డబ్బా గొడవైన సాయంత్రం అందరినీ తీసుకెళ్లాను.

"స్కేలుతోనా?" అని డాక్టరమ్మ కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు. పొద్దుటి నుంచీ రోగుల్ని చూస్తున్న మనిషి. "మీ అమ్మగారి తల మీ నాన్నగారి తలంత ఉందా బాబూ? ఆడవాళ్ల పుర్రె చిన్నది, అందులో పట్టే మెదడూ చిన్నదే. దానికీ తెలివికీ లంకె పెట్టకండి. చూడాల్సింది పుర్రెకీ మెదడుకీ మధ్యనున్న ఖాళీ. వయసుతో అందరికీ పెరుగుతుంది. మీ నాన్నగారికి కాస్త ఎక్కువుంది, మగవాళ్లలో తరచు చూస్తుంటాం. ఇద్దరివీ వయసుకి తగ్గట్టే ఉన్నాయి."

"అయితే మరిచిపోతున్నది ఎవరండీ?" అన్నారు మా ఆయన.

"అది ఫిల్ము చెప్పదు. పక్కనుండి చూసేవాళ్లు చెప్పాలి."

"విన్నావా," అన్నారు మామగారు అత్తయ్యతో, "నా తలలో ఖాళీ ఉందట. అద్దెకిద్దామా?"

మర్నాడు మధ్యాహ్నం భోజనం పట్టుకుని దుకాణానికి వెళ్లాను. జనం ఉన్నారు. వెనక స్టూలు మీద కూర్చున్నాను. మామగారు చీటీ చూసి, అరలోంచి స్ట్రిప్పు తీసి కౌంటరు మీద పెట్టారు. అత్తయ్య చీటీ అందుకుని చదివారు, స్ట్రిప్పు తిప్పి చూశారు, వెనక్కి తిరిగి ఇంకో స్ట్రిప్పు తీసి కవర్లో వేశారు. మొదటిది మోచేతి చాటుగా డబ్బాలోకి వెళ్లిపోయింది.

"అమ్మగారూ, నా బస్సు పోతుంది," అన్నాడు వెనకాయన.

"ఏం చేయను నాయనా, ముసలిదాన్ని."

నేను చూస్తుండగానే అలా మళ్లీ జరిగింది. జనం పలచబడి, మామగారు చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లాక అత్తయ్యని అడిగాను. "పొరపాటు జరిగిన రోజు మీరు ఇక్కడ లేరు కదూ?"

"కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లా."

"ఆ మాట చెప్పొచ్చుగా అత్తయ్యా."

"చెప్తే మీ ఆయన ఈయన్ని ఇంట్లో కూర్చోబెడతాడు. గోడలు చూస్తూ ఏమైపోతారు? నన్నంటే పోనీ."

"మిమ్మల్ని మాన్పించేస్తే మామగారిచ్చేవి చూసేదెవరు?"

ఆవిడ భోజనం బాక్సు మూత తీసి, మళ్లీ పెట్టేశారు. "నాకు నిద్ర పట్టనిది దానికేనమ్మా."

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన మళ్లీ మొదలెట్టారు. "మెదడు సంగతి వదిలేద్దాం. అమ్మకి ఓపిక లేదు, అది కనిపిస్తూనే ఉంది. వచ్చే వారం నుంచి నాన్నొక్కరే..."

ఇక ఆగలేక చెప్పేద్దామని నోరు తెరిచాను. మామగారు చెయ్యి అడ్డంపెట్టారు.

"నేను పెట్టేది ఒకటి, కవర్లో వెళ్లేది ఇంకొకటి. చాలా రోజుల్నుంచి చూస్తున్నాను," అన్నారు. "చూడనట్టు నటించడానికీ ఓపిక కావాలిరా. నాకది అయిపోయింది."

అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది.

"రేపట్నుంచి నేను మందుల అరల వైపు వెళ్లను. తీసేదీ ఇచ్చేదీ మీ అమ్మే. నేను బిల్లు రాస్తూ, వచ్చినవాళ్లని మాటల్లో పెడతా. ఆలస్యమవుతుందంటావా, ఉండేవాళ్లు ఉంటారు, పోయేవాళ్లు పక్క కొట్టుకి పోతారు," అని కంచం ముందుకి జరిపారు. "కాస్త కూర వెయ్యి."