ముప్ఫై నాలుగు కిలోల మరమనిషి

ఆలేరు స్టేషన్‌కు పోయే బాటలో ఉన్న పెట్టెల దుకాణం ఉదయం ఎనిమిదింటికి తెరుచుకొనేది. ముందుగదిలో కూర్చొని మక్సూద్ బేరాలు మాట్లాడేవాడు. వెనుకగదిలో, గోనెపట్టా తెర అవతల, అతని అక్క సకీనా రేకు పెట్టెల మీద రంగులు వేసేది. పెండ్లికూతుళ్ల పెట్టెలకు గులాబీలు, హాస్టలు పిల్లల పెట్టెలకు పేరూ ఊరూ, రైల్వే పనివాళ్ల పెట్టెలకు ఒట్టి ఆకుపచ్చ. రంగు వేసిన పెట్టెను పెరటి రేకుల మీద ఎండకు పెట్టడం వారి తండ్రి అహ్మద్ అలీ నేర్పిన పద్ధతి. వేసవి ఎండలో మూడు గంటలు కాగిన రంగు మనిషి వయసంత నిలుస్తుందని ఆయన నమ్మకం.

పది గంటల వేళకు హమాలీ బక్కయ్య వచ్చేవాడు. పెట్టె మీద చెయ్యి వేయడానికి ముందు తెర దగ్గర నిలబడి మర్యాదగా అడిగేవాడు.

"సకీనమ్మా, గీ పెట్టె ఏసేనాడు మనసు మంచిగనే ఉండెనా?"

"ఉండె. తీస్కపో."

ఒక్కొక్కనాడు లోపలినుంచి వేరే జవాబు వచ్చేది. "ఇంకో మనిషిని పిలుచుకో, బక్కయ్యా."

అతడు పోయి మరొక మనిషిని పిలుచుకొని వచ్చేవాడు. సకీనా కోపంగా ఉన్నప్పుడు ఆ కోపం కుంచె వెంట దిగి, చేతిలో ఉన్న వస్తువులో బరువై నిలిచిపోతుందని ఆలేరులో అందరికీ తెలుసు. ఒకసారి ఎక్కిన బరువు మళ్లీ దిగదు. స్టేషన్‌లో పార్సిల్ గుమాస్తా ఖాళీ పెట్టెను తూచి, నలభై కిలోలని రాసి, రసీదు చింపి ఇచ్చేవాడు. ఆ బరువు చేతికి తెలియనిది సకీనా ఒక్కతెకే. ఎంత బరువైన పెట్టెనైనా ఆమె పూలసజ్జ జరిపినట్టు జరిపేది.

ఆమెకు కోపకారణాలు తక్కువేమీ కావు. తండ్రి పోయేనాటికి ఆమెకు పద్నాలుగేండ్లు, మక్సూద్‌కు పది. అప్పటికే కుంచె పట్టింది ఆమె. అయినా నలభయ్యోరోజు గడవగానే పెద్దలు కూర్చొని బోర్డు మీద మక్సూద్ పేరు రాయించారు. ఆ బోర్డు మీది అక్షరాలు కూడా సకీనాయే రాసింది. ఈ పద్దెనిమిదేండ్లలో ఆమె చేతిమీదుగా వెళ్లిన ప్రతి పెట్టెకూ కుడిచేతి మూలన చిన్నగా 'మక్సూద్ ఆర్ట్స్' అని ఉంటుంది. గులాబీ తీగకు ఒక ఆకు తక్కువైనా ఒప్పుకోని మనిషి, ఆ రెండు మాటలు రాసేటప్పుడు మాత్రం కుంచెను చూడదు.

తొంభై ఆరవ సంవత్సరం మార్చి నెలలో మక్సూద్ సికింద్రాబాద్ నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. పైన జపాన్ అక్షరాలు, ఒక బొమ్మ. ఆ బొమ్మలోని మరమనిషికి అయిదంతస్తుల భవనాలు మోకాలి దాకా ఉన్నాయి. లోపల చూస్తే ప్లాస్టిక్ చట్రాలు. చట్రాలకు పచ్చికాయల్లా అంటుకొని వేళ్లూ, భుజాలూ, పాదాలూ.

"ఆపా, గీ బొమ్మలు తెప్పించే షాపోళ్లకు ఒక కారీగరు కావాల్నట," అన్నాడు మక్సూద్. "బొమ్మలు జోడించి, రంగులేసి, షాపుల అద్దాల బీరువల పెట్టాలె. నెల జీతం, ఉండటానికి అర్ర. అడిగినోళ్లందరికీ తలా ఒక డబ్బా ఇచ్చిన్రు. మే నెలల భువనగిరిల పెద్దసారు చూసి మార్కులేస్తడు."

"మగోళ్లకేనా?"

"అట్ల ఏం రాయలేదు. ఫారం మీద నీ పేరే రాస్త, ఫికర్ చెయ్యకు."

ఆ మాట సకీనా నమ్మింది. తన పేరున ఒక కాగితం ఉండబోతున్నదన్న ఊహ ఆమెకు కొత్త.

పగలు పెట్టెల పని తీరగానే బొమ్మ ముందు కూర్చొనేది. గోళ్లు తీసే కత్తెరతో ముక్కలను చట్రం నుంచి విడదీసి, తెగినచోట మిగిలిన మొటిమలను గరుకు కాగితంతో మట్టసంగా రుద్దింది. రెండు సగాలు కలిసినచోట సన్నని గీత కనబడుతుంటే, మిగిలిన చట్రం తుంపులను రంగు పలచన చేసే థిన్నర్‌లో కరిగించి, ఆ పేస్టును గీతలో నింపి, ఆరినాక మళ్లీ రుద్దింది. పదిహేనో రోజుకు జానెడున్నర మరమనిషి గచ్చు మీద నిలబడ్డాడు. ఎక్కడ అతికిందో వేలితో తడిమినా తెలియలేదు. అప్పటికి వాడి బరువు పావుకిలో కూడా లేదు.

బరువు రంగుతో మొదలైంది.

మొదటి పూత వేసేరోజున తల్లి లాడ్లీ బేగం పక్కన కూర్చొని వక్కలు కత్తిరిస్తూ అన్నది: "పట్నంల ఒక్కదానివి ఎట్ల ఉంటవు బేటీ? ఆడిపిల్ల పేరు బజార్ల తిరిగితే ఎవలకు మంచిది? వాడు పోయి కొలువు చేస్తడు, నువ్వు ఇంట్ల కూసోని చేసియ్యి. పనైతే నీదే గద."

"పని నాదే అమ్మీ. ఎప్పటికీ నాదే," అన్నది సకీనా. కుంచె ఆగలేదు. సాయంత్రానికి మరమనిషిని జరపబోయిన లాడ్లీ బేగం నడుము పట్టుకొని కూర్చున్నది.

రెండో పూత వేసేరోజున తెర అవతలినుంచి మక్సూద్ గొంతు వినిపించింది. ఎవరో గిరాకీకి చెబుతున్నాడు: "లోపల జపాన్ రోబో తయారైతాంది. మస్తు బారీకు పని. నా కండ్లు పోతున్నయనుకోరాదు."

ఆ మాట వింటూనే ఆమె మరమనిషి ఛాతీకి నీలం, అంచులకు పసుపు దిద్దింది. కోపం ఆమె చేతిని ఎన్నడూ వణికించదు, మరింత నిలకడగా నడిపిస్తుంది. ఆ వారం దుకాణంలోకి ఎవరు వచ్చినా మక్సూద్ అదే మాట చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పాడో అన్ని పూతలు పడ్డాయి.

ఆఖరి పూత ఆరడానికి సకీనా తనకు తెలిసిన పనే చేసింది. తీసుకుపోయి పెరటి రేకుల మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టింది. రేకు పెట్టెకు ఎండ మేలు చేస్తుంది. ప్లాస్టిక్ సంగతి ఆమెకు చెప్పినవాళ్లు లేరు. మూడు గంటల తరువాత వచ్చి చూస్తే మరమనిషి ఎడమ మోకాలు మెత్తబడి, పై బరువుకు ముందుకు వంగి, అట్లాగే గట్టిపడిపోయింది. వేడినీళ్లు పోసి చూసింది. లాగి చూసింది. మోకాలు మాట వినలేదు. ఆ తప్పు మీద వచ్చిన కోపం కూడా వాడిలోకే పోయింది.

పోటీనాటి ఉదయం బక్కయ్యా, ఇంకొక హమాలీ కలిసి మరమనిషిని స్టేషన్‌కు మోశారు. గుమాస్తా తూచి 'ప్లాస్టిక్ బొమ్మ, ముప్ఫై నాలుగు కిలోలు' అని రాశాడు. మక్సూద్ వెంట బుర్ఖా వేసుకొని అన్నం డబ్బాతో సకీనా కూడా బయలుదేరింది. బొమ్మను దించడానికని బక్కయ్య వెంట ఎక్కాడు.

భువనగిరిలో ఒక పెండ్లిమండపంలో బల్లలు వేశారు. పదకొండుమంది తెచ్చిన పదకొండు మరమనుషులు వరుసగా నిలబడ్డారు. ప్రతి బొమ్మ ముందూ ఒక అట్టచీటీ. తమ బొమ్మ ముందున్న చీటీని సకీనా చదివింది. 'తయారు చేసినవారు: మహ్మద్ మక్సూద్, ఆలేరు.'

చీటీ మీద వేలు పెట్టి మక్సూద్ వైపు తిరిగింది.

"నా పేరు రాస్తనంటివి," అన్నది.

"ఫారంల తండ్రి పేరు, పని జాగా, అనుభవం, అన్నీ అడిగిన్రు ఆపా," అన్నాడు మక్సూద్, చుట్టూ చూస్తూ గొంతు తగ్గించి. "బోర్డు నా పేరు మీదనే ఉన్నది గద. ఇంట్ల ఎవరికొచ్చినా ఒకటే. గీడ లొల్లి చెయ్యకు." అంతటితో ఊరుకొంటే అతని పని సాగిపోయేదేమో. ముప్ఫై నాలుగు కిలోలు ఎత్తగల మనిషే అతడు. కాని రైల్లో మరమనిషి ఛాతీ మీద సన్నని గీత పడింది. అతడు జేబులోంచి కుంచె, నీలం రంగు సీసా తీసి ఆమె చేతికిచ్చాడు. "సారు ఇటు దిక్కు రాకముందే జర గీ గీత సవరించు."

అక్క ముఖం మీది ముసుగును చూసి, లోపల ఏముందో ఊహించలేని మనిషి ఆ జిల్లా మొత్తంలో అతడొక్కడే కావచ్చు.

సకీనా వంగింది. పద్దెనిమిదేండ్లు వంగినట్టే వంగింది. కుంచె మొనను తడిపి, ఆ గీత మీద ఒక్కసారి, నిదానంగా, మొదటినుంచి చివరిదాకా నడిపింది. గీత మాయమైంది. బల్ల కాళ్లు కిర్రుమన్నాయి. ఆమె వెనక్కి జరిగి గోడవారన బక్కయ్య పక్కన నిలబడ్డది.

మార్కులు వేయడానికి వచ్చిన వెంకటయ్య సారు నలభయ్యేండ్లు డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. భూతద్దంతో అతుకులు చూసేవాడు, రంగు అంచులు చూసేవాడు, నిలబడిన తీరు చూసేవాడు. బొమ్మను మాత్రం తాను ముట్టడు. తయారు చేసినవారే ఒంటిచేత్తో ఎత్తి పాదాల అడుగు చూపాలి. తన చేతులతో చేసినవానికి ఎక్కడ పట్టుకుంటే విరగదో తెలుస్తుందని ఆయన లెక్క.

మక్సూద్ బొమ్మ దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగాడు.

"అతుకు అనేదే కనబడతలేదు. మరి ఈ మోకాలు ఏమిటయ్యా?"

"కావాలనే వంచిన సార్. యుద్ధానికి లేస్తున్నట్టు."

"మంచి ఊహ," అని ఆయన పది మార్కులు కలిపాడు. "ఏదీ, ఎత్తు."

మక్సూద్ ఒక చెయ్యి వేశాడు. తరువాత రెండు చేతులు వేశాడు. తరువాత చొక్కా చేతులు మడిచాడు. మరమనిషి కదలలేదు.

"రంగు పచ్చిగుండి బల్లకు అతుక్కున్నట్టున్నది సార్."

"అతుకుడు కాదు, బరువు," అన్నాడు వెంకటయ్య సారు, కుంగిన బల్లను చూసి. ఆయనకు ఆశ్చర్యమేమీ కలగలేదు. "ఇంత కోపంతో చేసినవాడివి, దీన్ని ఎట్ల మోసినవు?"

మక్సూద్ బక్కయ్యను పిలిచాడు. బక్కయ్య వచ్చి, బొమ్మ భుజం మీద చెయ్యి వేసి, తీసేశాడు.

"పొద్దున ఇద్దరం మోసినం సారూ. ఇప్పుడు పదిమందితోని గాదు." తలకు చుట్టిన తువ్వాలు విప్పి చెమట తుడుచుకొన్నాడు. "ఇంకో మాట. ఇది మక్సూద్ భాయ్ కోపం గాదు. ఆయన కోపం నాకెరికే. సంచిల ఏసుకొని పోవచ్చు."

హాలులో నవ్వులు లేచాయి. వెంకటయ్య సారు నవ్వలేదు. బక్కయ్య చూపు ఎటు పోయిందో అటు చూశాడు.

"అమ్మా, మీరు ఎత్తగలరా?"

మక్సూద్ ఆమెకు అడ్డంగా వచ్చి చిన్నగా అన్నాడు: "ఆపా, ఇజ్జత్ తియ్యకు. ఒక్కసారి ఎత్తి పెట్టు, చాలు. ఇంటికి పొయ్యి మాట్లాడుకుందాం."

"ఎత్తుత సార్," అన్నది సకీనా, తమ్ముడి భుజం మీదుగా. "ముందుగాల ఆ చీటీ మార్పియ్యిండ్రి."

"ఫారంల రాసిన పేరు ఇప్పుడు మార్చే నియమం లేదమ్మా."

"అయితే గీడ్నే ఉండనియ్యిండ్రి."

అని ఆమె వెళ్లి గోడవార కుర్చీలో కూర్చొని, అన్నం డబ్బా విప్పి తినసాగింది. ఆమె గొంతు పెంచలేదు. ఆ హాలులో అందరికన్నా నెమ్మదిగా మాట్లాడింది ఆమె. కాని కూర్చున్న కుర్చీ కింద గచ్చు పలక సన్నగా పగిలిన చప్పుడు అందరికీ వినబడింది.

నాలుగింటికి మండపం పెండ్లివాళ్లకు అప్పగించాలి. మూడున్నరకే బ్యాండువాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. షాపువాళ్లు, మండపం వాచ్‌మను, పోటీకి వచ్చినవాళ్లు, తొమ్మిదిమంది కలిసి బల్లతో సహా ఎత్తబోయారు. బల్ల పైపలక విరిగి వచ్చింది గాని మరమనిషి కాళ్లకింద చెక్క ముక్క బల్ల చట్రం మీద అట్లాగే నిలిచింది. పెండ్లికొడుకు తండ్రి వచ్చి, "ఈ బొమ్మ ముందర నా కొడుకు పీటల మీద కూసోవాల్నా?" అని గద్దించాడు. మక్సూద్ ఎవరి ముఖమూ చూడలేక గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు.

నాలుగుకు అయిదు నిమిషాలుండగా వెంకటయ్య సారు కలం మూత తీశాడు. చీటీ మీది పేరును అడ్డంగా కొట్టేశాడు.

"పేరు చెప్పమ్మా."

"సకీనా. అహ్మద్ అలీ బిడ్డ. ఆలేరు."

ఆయన ఫారంలోనూ రాసి, చీటీలోనూ రాసి, ఆమెకు చూపాడు. ఆమె అక్షరం అక్షరం చదివింది. చేతులు కడుక్కొని వచ్చి, మరమనిషిని నడుము దగ్గర రెండు వేళ్లతో పట్టుకొని, పాదాల అడుగు ఆయనకు కనబడేట్టు ఎత్తింది.

ఆయన భూతద్దంతో నిదానంగా చూశాడు. అడుగున కూడా అతుకు లేదు.

"తొంభై రెండు," అన్నాడు. "ఆ మోకాలి ఊహకు వేసిన పది కలిపి."

"అది ఊహ గాదు సార్. తప్పు. పెట్టెలను ఎండబెట్టినట్టు రేకు మీద ఎండబెట్టిన. మెత్తగై వంగింది. తప్పని రాసుకోండ్రి."

మక్సూద్ తల పట్టుకొన్నాడు. "ఆపా, ఎవలన్న చెప్పుకుంటరా?"

"రాస్తే ఆ పది మార్కులూ పోతయమ్మా," అన్నాడు వెంకటయ్య సారు. "నీ తరువాతి మనిషికి ఎనభై ఒకటి ఉన్నయి."

"పోనియ్యిండ్రి. నావే గద పోయేది."

ఆయన పది కొట్టేసి, పక్కన కారణం రాసి, ఎనభై రెండు వేశాడు. కిందనున్న ఖాళీలో, ఎన్నికైనవారి పేరు రాయవలసినచోట, అదే పేరు మరొకసారి రాసి, జూన్ మొదటి తారీఖున పనిలో చేరవలసిందిగా కాగితం ఆమె చేతికి ఇచ్చాడు.

సాయంత్రపు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడు సకీనా చంకలో మరమనిషి ఉన్నాడు. ఆమె ఇంకా కోపంగానే ఉన్నది. మక్సూద్ కొంతసేపు దూరంగా తచ్చాడి, దగ్గరికి వచ్చి, చేతులు చాచాడు.

"ఇటియ్యి ఆపా. నేను పట్టుకుంట."

"నీతోని గాదు," అన్నది సకీనా.