లిఫ్టుకు మేనమామ

సంగీత కళాశాలలో పంతొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతున్న ఆవిడను పిల్లలు చాటుగా ఉష్ మేడమ్ అనేవారు. క్లాసులో ఎవరు గుసగుసలాడినా పెదవుల మీద వేలుపెట్టి "ఉష్" అనేది. అది వాళ్ళను అదలించడానికి కాదనీ, గోడవతల లిఫ్టు పైకి వెళ్తుంటే వినడానికనీ ఎవరికీ తెలియదు.

ఆ లిఫ్టు మూడో అంతస్తు దాటగానే పాడేది. సన్నగా మొదలై, ఐదు స్వరాల మీదుగా జారి, నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి ఆగేది. ఉష్ మేడమ్ రెండేళ్ళపాటు దాన్ని రికార్డు చేసి, స్వరాలు రాసుకుని, నలభై పేజీల వ్యాసం తయారుచేసింది. లిఫ్టు పొద్దున బరువుగా, దిగులుగా పాడుతుందనీ, సాయంత్రం తేలిగ్గా, హుషారుగా పాడుతుందనీ, అంచేత యంత్రాలకు కూడా వేళను బట్టి మనసు మారుతుందనీ దాని సారాంశం.

"నీకు చాదస్తం బాగా ముదిరిందే" అన్నాడు భర్త అంతా చదివి. అంటూనే అచ్చుతప్పులు దిద్దిపెట్టాడు.

వ్యాసం పంపాల్సిన పరిశోధన పత్రిక పదకొండు నియమాలు పెట్టింది. ఆవిడ మార్జిన్లు సరిచేసింది. అక్షరాల సైజు మార్చింది. రాసిందెవరో సమీక్షకులకు తెలియకూడదన్నారు కాబట్టి తన పేరూ కాలేజీ పేరూ వెతికి వెతికి తీసేసింది. ఏడో నియమం దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. గాయకుల రాతపూర్వక అనుమతి జతచేయాలట.

"నా వ్యాసంలో గాయకుడు ఒక లిఫ్టు" అని ఎడిటరుకు రాసింది.

మర్నాడే జవాబొచ్చింది. "మా పత్రిక గాయకుల మధ్య తేడాలు చూడదు. సంతకం చేయలేని స్థితిలో ఉంటే సంరక్షకుల సంతకం చాలు. వారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం."

సంరక్షకుడంటే ఇంకెవరు? ఇరవై రెండేళ్ళుగా ప్రతి మంగళవారం వచ్చి ఆ లిఫ్టు మంచిచెడ్డలు చూస్తున్న మెకానిక్. ఆవిడ కాగితం పట్టుకుని మేడ మీది మోటారు గదికి వెళ్ళింది. అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విని, కాగితాన్ని వెనక్కి తోశాడు.

"పాడ్డమేంటి మేడమ్! లిఫ్టు చప్పుడు చేసిందంటే నా పని బాగోలేదనేగా అర్థం? నా చేత్తో నేనే సంతకం పెట్టాలా?"

ఆవిడ ఫోనులో రికార్డింగు పెట్టింది. మెకానిక్ కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. అతని మొహం మెల్లగా వెలిగింది.

"బానే పట్టారు. కానీ ఈ మొదటిది లోపల ఆరుగురు ఉన్నప్పుడు. రెండోది ఒక్కరే ఉన్నప్పుడు."

"కాదండీ, మొదటిది పొద్దుటిది. రెండోది సాయంత్రానిది."

"పొద్దున్నేగా మరి అందరూ కట్టగట్టుకుని ఎక్కేది!"

ఉష్ మేడమ్ అక్కడే ఉన్న డబ్బా మీద కూలబడింది. రెండేళ్ళ కష్టం, నలభై పేజీలు, యంత్రం మనసు, అన్నీ ఒక్క మాటతో గంగలో కలిసిపోయాయి. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి మెకానిక్ కంగారుపడ్డాడు.

"అయ్యో, ఏడవకండి మేడమ్. రండి, దగ్గరుండి వినిపిస్తాను."

ఆ మధ్యాహ్నమంతా లిఫ్టులో ఎక్కడం, దిగడం. ఖాళీగా ఒకసారి, ఒకరితో ఒకసారి, ఇద్దరితో ఒకసారి. బరువు చాలడం లేదనుకుంటుండగా డిపార్టుమెంటు హెడ్డుగారు కింద మీటింగుకని వచ్చి ఎక్కారు. ఆయనది నిండైన విగ్రహం.

"కాస్త కదలకుండా నిలబడండి సార్. మీరొక్కరే ముగ్గురి పెట్టు" అన్నాడు మెకానిక్.

"నా మీటింగు!"

"ఉష్" అంది మేడమ్. "మీ ఆయాసం రికార్డవుతోంది సార్."

పదిహేడుసార్లు తిప్పారు. ఆరో సారికి హెడ్డుగారు ఊపిరి బిగపట్టడం నేర్చుకున్నారు. పన్నెండో సారికి "ఇప్పుడు అరస్వరం తగ్గింది, విన్నారా!" అని ఆయనే అరిచారు. మీటింగు ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

యంత్రం మనసు పోయి, మెకానిక్ చెప్పిన బరువుల లెక్క చేరేసరికి వ్యాసం నలభై పేజీల నుంచి పదకొండుకి చిక్కిపోయింది. మెకానిక్ తృప్తిగా చదివి సంతకం పెట్టాడు. సంతకం కింద "గాయకుడితో సంబంధం" అని ఒక గడి ఉంది. తండ్రి అని రాద్దామంటే తయారుచేసిన కంపెనీ వేరే. చాలాసేపు ఆలోచించి "మేనమామ" అని రాశాడు.

రెండు నెలలకు ఇద్దరు సమీక్షకుల అభిప్రాయాలు వచ్చాయి. మొదటాయన గాయకుడి ఇష్టాయిష్టాలు ఎందుకు అడగలేదని నిలదీశాడు. రెండో ఆవిడ మాత్రం, ఈ వ్యాసానికి ప్రాణం మేనమామగారి మాటలేననీ, ఆయన్ను కూడా రచయితగా చేర్చి తీరాలనీ పట్టుబట్టింది. అయితే తొమ్మిదో నియమం ప్రకారం సంరక్షకుడు రచయిత కాకూడదు.

"ఇరవై రెండేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్నాను" అన్నాడు మెకానిక్. "అచ్చులో పేరు పడుతుందని ఇప్పుడు వదిలేసుకోమంటారా?"

ఆవిడ మరి బలవంతపెట్టలేదు. వ్యాసం వెనక్కి తీసుకుందామనే అనుకుంది. విషయం విన్న హెడ్డుగారు తానే వచ్చారు.

"ఆ సంతకమేదో నేను పెడతానయ్యా. పదిహేడుసార్లు తిప్పారు, ఆ మాత్రం చుట్టరికం నాకు లేదా?" అని గడిలో "బాబాయి" అని రాశారు.

"మరి నేను?"

"కాగితం మీద లేకపోతే మేనమామ కాకుండా పోతావా!"

మెకానిక్ సరేనన్నాడు. మొదటి సమీక్షకుడికి జవాబు తనే రాశాడు. "అడిగాను. ఆరుగురికి మించి వద్దంది." ఆయన ఆ జవాబుతో పూర్తిగా సంతృప్తి చెందినట్టు కబురొచ్చింది.

చివరి ఫారంలో ఇద్దరు రచయితలూ ఏ విభాగంలో పనిచేస్తారని అడిగారు. "మీరెక్కడుంటారని రాయను?" అంది మేడమ్. "ఎక్కువగా షాఫ్టులోనే" అన్నాడు మెకానిక్, లిఫ్టు పైకీ కిందికీ తిరిగే బావిలాంటి గూడు చూపిస్తూ. ఆవిడ అలాగే రాసింది. పత్రిక కూడా "షాఫ్టు విభాగం" అని అలాగే అచ్చేసింది.

వ్యాసం వచ్చిన నెలకి ఒక సంగీత సదస్సు నుంచి, షాఫ్టు విభాగాధిపతిగారు వచ్చి గంటసేపు ప్రసంగించాలని ఆహ్వానం వచ్చింది. మెకానిక్ యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని వెళ్ళాడు. నలభై నిమిషాలు ఏ పట్టాకి ఏ గ్రీజు రాయాలో చెప్పాడు. మిగతా ఇరవై నిమిషాలు, పాట పోకుండా ఉండాలంటే ఎంత రాయకూడదో చెప్పాడు. ముందు వరసలోని పండితులందరూ తల ఎత్తకుండా రాసుకున్నారు.