పుస్తకంలో లేని పిల్లవాడు

కుటుంబంలో గుట్టు ఉన్న నవలకే అట్ట ముందు ఊడుతుంది. బైండరు అనుభవం అది. ప్రయాణాల పుస్తకాలు, తోటపని పుస్తకాలు ఏళ్ళ తరబడి చెక్కుచెదరవు. ఎవరి తండ్రి ఎవరో చివరిదాకా చెప్పని నవల మాత్రం పదిమంది చేతుల్లో నలిగి, దారం తెగి, ఒళ్ళు హూనమై అతని బల్ల మీదికి వస్తుంది. "ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు గానీ, మాకు అదే కూడు" అని నవ్వుతూ కట్టలు దింపి వెళ్తుంది అద్దె లైబ్రరీ ఆవిడ.

ఆ నవలల్లో ఒక్కటి కూడా అతను స్వయంగా చదవలేదు. పల్లెబడిలో నేర్చిన అక్షరాలను వేలు పెట్టి కూడబలుక్కుంటే పేజీకి ఒక పూట పడుతుంది. పైగా చేతులకు తీరిక ఉండదు. భార్య చదివి వినిపించేది. మధ్యాహ్నపు ఎండలో కాగితపు నూగు తేలుతుండగా కిటికీ పక్క పీట మీద కూర్చునేది. విరిగిన కళ్ళజోడు కాడకు అతని మైనపు దారమే చుట్టి కట్టుకుంది. ఆమె వాక్యం ఎత్తుకుంటే దబ్బనం దిగేది. వాక్యం ముగిస్తే దారం బిగిసేది. అతను కుట్టిన పుస్తకాల్లో సగం కుట్టు ఆమె గొంతుదే.

ఆమె పోయాక కుట్టు పాడైంది. ఒకచోట పట్టేస్తోంది, ఒకచోట జారుతోంది. మైదా జిగురు గిన్నెలోనే తొరక కడుతోంది. ఒక్కోసారి ఎండ పీట మీదికి జరిగినప్పుడు, ఆమె ఊపిరి పీల్చుకుని ఇప్పుడో ఇంకాసేపటికో మొదలుపెట్టబోతున్నట్టు ఉంటుంది. దబ్బనం ఎత్తి ఆగిపోతాడు. అది ఎంతసేపో అతనికే తెలియదు.

కూతురు సెలవు పెట్టి వచ్చింది. కట్టలోంచి ఒక నవల తీసుకుని కుర్చీ జరుపుకుంది. పీట మీద కూర్చునే ధైర్యం ఆమెకు లేదు.

"నేను చదువుతాలే నాన్నా. నువ్వు కుట్టుకో."

"చదువు."

"అంతకంటే ముందు ఒక మాట. సాయంత్రం మామయ్య వస్తున్నాడు."

"రానీ. వచ్చిన దారి ఉంది కదా, పోవడానికి."

"అమ్మ కళ్ళజోడు ఒక్కటే అడుగుతున్నాడు. అదేమన్నా బంగారమా?"

"నా పెళ్ళాం కళ్ళజోడు వాడికెందుకు? కరెంటు తీగలు చూసుకోవడానికా?"

మామయ్య అంటే భార్య తమ్ముడు. చిన్నాడు అనేది ఆమె. కరెంటు పని చేస్తాడు. బైండరుకు వాడంటే మొదటినుంచీ గిట్టదు. మొగుడికి జలుబు చేస్తే ఆవిరి పట్టమనే మనిషి, చిన్నాడు తుమ్మితే ఊరు దాటి వెళ్ళేది. ఆమె పోయిన రోజున వాడు ఆమె పాదాలు పట్టుకుని లేవలేదు. నలుగురు లేపబోయినా లేవలేదు. తమ్ముళ్ళు ఏడ్చే ఏడుపు కాదది. "పెళ్ళాం పోయింది నాకా, వాడికా?" అని అందరి ముందే అరిచి, ఇక నా గడప తొక్కొద్దన్నాడు బైండరు. అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు అతనికి లేదు.

కూతురు చదవడం మొదలుపెట్టింది. గొంతు తల్లిది కాదు గానీ, కథ తెలిసినదే. నీలం తలుపుల ఇల్లు. మాట్లాడుకోని అక్కచెల్లెళ్ళు. దబ్బనం నెమ్మదిగా దారిలో పడింది. ఎండ, నూగు, గొంతు. అతనికి కన్ను మూతపడుతున్నా చేతులు నడుస్తూనే ఉన్నాయి. కథలో ఇల్లు ఎవరి పేర ఉందో బయటపడింది. గొడవ అయింది. అక్క రైలెక్కి వెళ్ళిపోయింది.

అతను కళ్ళు తెరిచాడు.

"మధ్యలో వదిలేశావు."

"లేదే."

"ఆ పిల్ల పెద్దమ్మ ఇంటికి వెళ్తుంది కదా. చలికాలమంతా కిటికీ దగ్గరే కూర్చుంటుంది, బూడిదరంగు దుప్పటి కప్పుకుని. ఎవరూ పలకరించరు. తర్వాత వాళ్ళమ్మ పసిబిడ్డను ఎత్తుకుని ఇంటికొస్తుంది. నీకు తమ్ముడు పుట్టాడే అంటుంది. అది చదవలేదు నువ్వు."

"ఇందులో అలాంటిదేమీ లేదు నాన్నా."

"అయితే ఫారం ఊడి ఉంటుంది."

పుస్తకం లాక్కున్నాడు. ఫారం అంటే ఒక మడత కాగితాల దొంతర. ప్రతి ఫారం అడుగున చిన్న అంకె ఉంటుంది. చదవడంలో ఏమోగాని, ఇందులో అతనికి ఎదురులేదు. బొటనవేలితో వరసగా తిప్పాడు. ఒక్క ఫారం కూడా పోలేదు. ఒక్క ఆకు కూడా తెగలేదు.

"అయితే అది ఇంకో నవల. ఎర్ర అట్టది తియ్యి."

ఎర్ర అట్టలో లేదు. డాక్టరు గారి కుటుంబం కథలో లేదు. కవలల కథలో లేదు. కూతురు పేజీలు తిప్పి చూసి చెబుతోంది, అతను ఫారాలు సరిచూస్తున్నాడు. అన్నీ ఉన్నాయి. పిల్లవాడు మాత్రం లేడు.

"అన్నిట్లోనూ ఉంది" అన్నాడు. "ఈ రాసేవాళ్ళంతా ఒకరిని చూసి ఒకరు రాస్తారని మీ అమ్మను ఆటపట్టించేవాణ్ణి. ఒకే తానులో గుడ్డలు అనేవాణ్ణి. నవ్వేది. ఆ బిడ్డకు ఎడమ చెవి పైఅంచు మడిచిన పేజీలా ఉంటుందని కూడా ఉంటుంది. రాసినవాడెవడో బైండింగు తెలిసినవాడే అన్నాను నేను."

కూతురు చేతిలో పుస్తకం మూతపడింది.

"నాన్నా" అంది. "మామయ్య చెవి అలాగే ఉంటుంది."

దబ్బనం బల్ల మీద దొర్లి కింద పడింది. ఎవరూ తీయలేదు.

ప్రతి నవలలోనూ ఆ చోటికి వచ్చాక ఆమె ఆగేది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, ఏమీ కానట్టు అడిగేది. "ఏమండీ, ఆ పిల్లను చేసుకున్నవాడి స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?" అతను దారం పంటితో కొరికి చెప్పేవాడు. "ఇద్దర్నీ గడప తొక్కనివ్వను." "పాపం చిన్నపిల్ల కదండీ." "చిన్నపిల్ల కాదు, చింతకాయ కాదు. నువ్వు చదువు." ఆమె కళ్ళజోడు పెట్టుకునేది. కథ మళ్ళీ నీలం తలుపుల ఇంట్లోకో, డాక్టరు గారి మేడ మీదికో వెళ్ళిపోయేది. నవల మారినప్పుడల్లా అడిగేది. తీర్పు మారుతుందేమోనని.

"అయితే ఇన్నాళ్ళూ నేను అన్నను పట్టుకుని మామయ్యా అన్నానా?" అంది కూతురు. నవ్వబోయింది, రాలేదు.

అతనికి కోపం వచ్చింది. చచ్చినదాని మీద కోపం పెట్టుకోవడానికి చోటు దొరకదు. పీట వైపు చూస్తే అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు.

తలుపు చప్పుడైంది. కూతురు లేచింది. "నువ్వుండు" అని అతనే వెళ్ళాడు.

చిన్నాడు గడపకు అవతల నిలబడి ఉన్నాడు, భుజాన పనిముట్ల సంచీతో. "లోపలికి రాను బావగారూ. కళ్ళజోడు ఇస్తే ఇటునుంచి ఇటే వెళ్ళిపోతా."

బైండరు వాడి చెవి చూశాడు. మడిచిన పేజీ. పుస్తకంలో అయితే వేలితో సరిచేసేవాడు.

"మీ అక్క నాకొక కథ చదివేది" అన్నాడు. "అందులో మొగుడు ఏం చేశాడో ఎప్పుడూ చెప్పలేదు. నన్నే అడిగేది."

చిన్నాడు తల దించుకున్నాడు. "మీరు చెప్పిన జవాబు నాకు తెలుసు. ప్రతిసారీ వచ్చి చెప్పేది."

"నీకు తెలుసన్నమాట."

"చిన్నప్పుడు, నాకు జ్వరంగా ఉంటే చెప్పింది. ఆ పిలుపు బయట పిలవొద్దని ఒట్టు వేయించుకుంది. ఎప్పుడూ పిలవలేదు బావగారూ. చివరి రోజు కూడా."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆ గంట పూర్తిగా వినిపించకుండా పోయేదాకా బైండరు తలుపు పట్టుకునే ఉన్నాడు.

"నా ఇంట్లో కూర్చుని, నా దారం చుట్టిన కళ్ళజోడు పెట్టుకుని, ఇన్నేళ్ళు లేనిది చదివింది" అన్నాడు. "దాన్ని క్షమించానని అనుకోకు. నన్ను నేనూ క్షమించుకోలేదు. లోపలికి రా. సంచీ అక్కడ పెట్టు, జిగురు అంటుతుంది."

కళ్ళజోడు సొరుగులోంచి తీసి చేతిలో పెట్టాడు. పీట చూపించాడు. చిన్నాడు భయపడుతూ కూర్చున్నాడు. కూతురు నీలం తలుపుల ఇంటి కథను వాడి ఒడిలో పెట్టి, తండ్రి దబ్బనం వెతికి ఇచ్చింది.

వాడు చదివాడు. వాక్యం చివర ఆమెలాగే కాస్త ఆగాడు. దారం బిగిసింది. ఎండ పీట మీద నుంచి గోడ ఎక్కింది. ఇల్లు ఎవరి పేర ఉందో బయటపడింది. గొడవ అయింది. అక్క రైలెక్కబోయింది.

"ఆగు" అన్నాడు బైండరు. "అక్కడ ఆ పిల్ల పెద్దమ్మ ఇంటికి వెళ్తుంది."

"అది ఇందులో లేదు బావగారూ."

"లేదని నాకు తెలుసు" అన్నాడు, దబ్బనం ఎత్తి పట్టుకుని. "నువ్వు చదువు."