గేటు లేని గేటు ఇల్లు

గేటు కోసుకుపోయే లారీ పొద్దున్నే వస్తుందన్నారు. హెస్టర్ ప్రొబర్ట్‌కి కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే బయటికి పోవాలనిపించింది. పొయ్యిమీద కెటిల్లో నీళ్లు ఇంకిపోయి మాడు వాసనొస్తే గానీ గుర్తు రాలేదు.

లింగెన్ దొర ఎస్టేటు మొగదల, గేటు పక్కన, రెండు గదుల ఇల్లు ఆమెది. వచ్చేపోయే బళ్లకి గేటు తీసి వేసేవాళ్లకే ఆ ఇల్లు. మొగుడు ఉన్నన్నాళ్లు అతను తీశాడు. అతను పోయాక ఆమె తీస్తోంది. యుద్ధానికి ఇనుము కావాలంటే దొర తన గేటు తనే ఇచ్చేశాడు. ఇంటి సంగతి ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు.

లారీ దిగిన మేస్త్రీ టిబట్స్ టోపీ వెనక్కి నెట్టి పైకి చూశాడు. గేటు నిండా ఇనుప ద్రాక్షతీగలు, ఆకు ఆకుకీ ఈనెలు.

"కొంపకి పోకుండా ఇన్ని ఆకులు కొట్టాడంటే, ఆ కమ్మరికి పాపం ఇంట్లో పెళ్లాం పోరు గట్టిదే అయ్యుంటుంది," అన్నాడు.

"ఆ పక్క చిన్న తలుపైనా వదిలెయ్యి నాయనా," అంది హెస్టర్.

"ఇంత ఖాళీ పక్కన చిన్న తలుపెందుకమ్మా? పిల్లి కూడా దాన్లోంచి రాదు."

మధ్యాహ్నానికి రాతి స్తంభాలు రెండే మిగిలాయి. పక్క పొలం గొర్రెలకి సంగతి తెలిసిపోయింది. ఆమె ఆప్రాన్ విదిలిస్తూ తోలింది. తోలినవి తోలినట్టే తిరిగొచ్చాయి. మధ్యలో ఇంట్లోకి పోయి దుప్పట్లు పెట్టెలో సర్దింది. మళ్లీ తీసి పరిచింది.

సాయంత్రం దొర కారు వచ్చింది. డ్రైవరు గిటిన్స్ స్తంభాల ముందు ఆపి, రోజూలాగే హారన్ కొట్టాడు. హెస్టర్ కూడా రోజూలాగే పరుగెత్తింది. చేతులు చాచాక గానీ పట్టుకోడానికేమీ లేదని తోచలేదు.

"ఎందుకాపావురా?" అన్నాడు దొర.

గిటిన్స్ చెవులు ఎర్రబడ్డాయి. "అలవాటు దొరా."

"ఆపడమే మంచిదైంది బాబుగారూ," అంది హెస్టర్. "మలుపు తిరిగితే దారంతా గొర్రెలే. నేను ముందు నడుస్తా. మెల్లిగా రానీ గిటిన్స్."

ఆమె ముందు, కారు వెనక. దొర అద్దం దించి విసుక్కున్నాడు.

"నా గులాబీలు కూడా మేశాయా?"

"కిందివి మేశాయి. పైవి అందలేదు."

"ఇలాగైతే ఇంక రాత్రీ పగలూ నువ్విక్కడ కాపలా ఉండాల్సిందే ప్రొబర్టమ్మా."

"ఉంటాను బాబుగారూ," అంది. అప్పటికే ఒక గొర్రె వెంట పొదల్లోకి దిగిపోయింది.