చీటీలో రాసిన దారులు

నిదానానికి ఆ పేరు పెట్టింది అన్నయ్యే. చిన్నప్పుడు అతను తొక్కుతున్న సైకిలు వెనక నుంచి పడి ఆమె ఎడమ మోకాలు చెడింది. పడేసిన చేత్తోనే పేరు కూడా పెట్టి పుణ్యం కట్టుకున్నాడు. ముప్పై నాలుగేళ్లొచ్చేసరికి ఆ పేరు ఎంత స్థిరపడిందంటే, పదేళ్ల మేనకోడలు కూడా కాస్త గౌరవం కలిపి "నిదానం అత్తా" అనే పిలుస్తుంది.

ఆ ఇంట్లో వంట, బజారు, పిల్లని బడికి దింపడం అన్నీ నిదానమే. వదినకి నడుం నొప్పి. పని కనబడగానే వచ్చి, పెళ్లి పిలుపు కనబడగానే పోయే రకం నొప్పి అది.

అలాంటి ఇంట్లో ఉండగా నిదానానికి ఉద్యోగం దొరికింది. ఊరి చివర గుట్ట మీద సంచులు కుట్టే కంపెనీ. ముందు ఒక నెల చూస్తారు. పొద్దున్న ఎనిమిదింటికి గేటు వేసేలోపు చేరాలి. మూడుసార్లు ఆలస్యమైతే మెడలో వేసిన కంపెనీ కార్డు తీసేసుకుంటారు, మళ్లీ ఇవ్వరు. నెల గట్టెక్కితే మాత్రం కంపెనీ హాస్టల్లో గది ఇస్తారు. మేనకోడలి మంచం పక్కన చాప వేసుకుని పడుకునే నిదానం, ఆ గది తలుపుకి లోపలివైపు గడియ ఉందో లేదో చూసుకుని మరీ వచ్చింది. ఉంది.

గుట్టకి బస్సు లేదు. ఆ మోకాలితో తొక్కడం కుదరదు. పాత సైకిలు చక్రానికి మోటారు బిగించుకుంటానని ఆమె భయపడుతూనే చెప్పింది. అన్నయ్య వెంటనే ఒప్పేసుకోవడంతో కుక్కర్ కూత కూడా వినబడలేదామెకి.

అన్నయ్య కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. ఆయన ఉపన్యాసం లేకుండా ఆ ఇంట్లోకి బల్బు కూడా రాదు. ఆ రోజు భోజనాల దగ్గర గిన్నె బోర్లించి మోటార్ల గురించి చెప్పాడు. చక్రం మధ్యలో పెట్టే మోటార్లు రెండు రకాలట. లోపల గేర్లున్నది చిన్నగా ఉంటుంది, మెల్లగా పోతుంది, కానీ ఎత్తు ఎక్కిస్తుంది. చార్జింగ్ అయిపోయినా తేలిగ్గా తొక్కుకోవచ్చు. గేర్లు లేనిది బరువు. చదును రోడ్డు మీద దూసుకుపోతుంది, ఎత్తు వస్తే వేడెక్కి చతికిలబడుతుంది. అప్పుడు తొక్కడమంటే రుబ్బురోలు లాక్కెళ్లడమే.

"అయితే నాకు గేర్లున్నదే కదా అన్నయ్యా?"

"నీకేం కావాలో నాకు తెలీదా?" అన్నాడతను, ఎంతో ప్రేమగా.

బజార్లో మోటార్లు బిగించే మెకానిక్‌కి ఒక పద్ధతుంది. ఎవరొచ్చినా ముందు చీటీ నింపాలి: ఏ దారుల్లో తిరుగుతారు, దార్లో ఎత్తు ఎంత, బండి మీద బరువు ఎంత. అది చూసి మోటారు ఆయనే తేలుస్తాడు. నోటితో అడిగితే జనం గొప్పలు చెబుతారని, కాగితం ఇస్తే కుదురుగా రాస్తారని ఆయన నమ్మకం. ఆ రోజు నిదానం కంపెనీలో కుట్టు పరీక్షకి వెళ్లాల్సి రావడంతో సైకిలు తీసుకుని అన్నయ్యే వెళ్లాడు.

మొదటిరోజు బజారు దాటేదాకా బండి గాల్లో తేలింది. నిదానం తనలో తనే నవ్వుకుంది. గుట్ట రెండో మలుపులో మోటారు మూలిగి, కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. దిగి నెట్టుకుంటూ వెళ్లేసరికి గేటు వేసేశారు. ఇంటికొచ్చి చెబితే, కొత్త చెప్పుల్లాంటిదే, నాలుగు రోజులు కరుస్తుంది అన్నాడు అన్నయ్య. రెండోరోజు గంట ముందు బయల్దేరబోతే సరిగ్గా గడపలో వదిన నడుం పట్టేసింది. వేడినీళ్లు కాచి కాపడం పెట్టి వెళ్లేసరికి మళ్లీ ఆలస్యం. మూడోరోజు ఆమె నెట్టుకుంటూ రావడం చూస్తూనే వాచ్‌మన్ గేటు మూశాడు.

సూపర్‌వైజర్ కార్డు తీసుకుంటూ, చేతిపని బాగుందమ్మా, మనిషివే కాస్త నిదానం అన్నాడు. పాపం, ఆయనకి ఆమె పేరు తెలీదు.

గుట్ట దిగేటప్పుడు మోటారుతో పనే లేకపోయింది. తిన్నగా మెకానిక్ దగ్గరికెళ్లి, గుట్టెక్కే బండికి ఇదేం మోటారని అడిగింది. ఆయనకి పౌరుషం వచ్చింది. ఫైలు తెరిచి చీటీ లాగి చేతిలో పెట్టాడు. అన్నయ్య గుండ్రటి అక్షరాలు.

దారులు: బజారు, బడి, మందుల షాపు. ఎత్తు: లేదు. బరువు: ఒక మనిషి, రెండు సంచులు, వెనక పిల్ల.

"గుట్ట అని ఒక్క ముక్క రాసుంటే గేర్లున్నదే వేసేవాణ్ణమ్మా. నేనే అడిగాను కూడా, ఎక్కడా ఎత్తు లేదా సార్ అని. ఆవిడ ఎక్కదు లెండి, అన్నారు."

నిదానం చీటీని రెండుసార్లు చదివింది. ఎక్కడా తప్పు దొరకలేదు. పిల్ల బరువు కూడా మర్చిపోలేదు మహానుభావుడు.

అక్కణ్ణుంచి ఇంటిదాకా చదును రోడ్డే. ఆరు నిమిషాలు పట్టింది. కాలేజీకి బయల్దేరుతూ అన్నయ్య గేటు దగ్గరే ఉన్నాడు. ఆమె మెడలో కార్డు లేకపోవడం చూసి, ఆ కంపెనీవాళ్లకి మనుషుల విలువ తెలీదని నిట్టూర్చాడు. మోటారేమైనా ఇబ్బంది పెట్టిందా అని కూడా అడిగాడు.

"మోటారుది తప్పేం లేదన్నయ్యా. నువ్వు రాసిన చోట్లకి చక్కగా వెళ్తోంది."

కళ్లజోడు తుడుస్తున్న అతని చెయ్యి ఆగింది. ముందు తేరుకున్నది గడపలో నిలబడ్డ వదిన.

"అయితే మంచిదే," అంటూ రెండు సంచులు తెచ్చి, నడుం వంచి మరీ హ్యాండిల్‌కి తగిలించింది. "బడి టైమైంది. పిల్లని దింపేసి, అట్నుంచటే బజారుకెళ్లి నా మందులు కూడా తెచ్చెయ్."

మేనకోడలు వెనక ఎక్కి కూర్చుంది.

"నిదానం అత్తా, స్పీడుగా పోనీ."

ఒక మనిషి, రెండు సంచులు, వెనక పిల్ల. బండి ఎక్కడా మొరాయించలేదు.